చిన్నమావా, నీలం క్లిప్పూ

నాకు ఇరవై ఏళ్ళు వచ్చిన ఆ రోజుల్లో మా ఉద్దానం ఆడపిల్లలకి ఉద్యోగాలు రెండే రకాలు. చేతులు నల్లబడేవి, చేతులు నల్లబడనివి. మొదటి రకానికి పలాస వెళ్ళాలి. అక్కడ జీడిపిక్కలు కొట్టే షెడ్లలో మా అమ్మ పెళ్ళికి ముందు నుంచీ పని చేస్తోంది. పిక్కలోంచి కారే సొన వేళ్ళకి పట్టిందంటే ఇక సబ్బుకీ లొంగదు, చింతపండుకీ లొంగదు. (పెళ్ళిళ్ళకి వెళ్తే అమ్మ భోజనాల బంతిలో ఎప్పుడూ చివరే కూర్చునేది. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.) రెండో రకం ఉద్యోగాన్ని మేం చూడలేదు గాని, ఎక్కడో ఉంటుందని విన్నాం. అందుకే టెక్కలి దాటాక హైవే పక్కన ఆస్పత్రి సామాన్లు తయారుచేసే కంపెనీ ఒకటి పెట్టి, సైన్సు చదివిన పిల్లలు కావాలనేసరికి, డిగ్రీ పరీక్షల ఇంకు ఆరకముందే పరుగెత్తి చేరిపోయాను. మొదటిరోజు సాయంత్రం కంపెనీ బస్సు దిగి ఇంటికెళ్తే, ఏం పని చేయించారు, ఏం పెట్టారు అని అమ్మ ఏమీ అడగలేదు. నా రెండు చేతులూ పట్టుకుని లైటు కిందకి లాక్కెళ్ళి అటూ ఇటూ తిప్పి చూసి, "నల్లబడనేదు" అంది. అని, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మా కంపెనీలో తయారయ్యేవి డయాలసిస్ ట్యూబులు. కిడ్నీలు పాడైనవాళ్ళ ఒంట్లోంచి రక్తాన్ని యంత్రంలోకి తీసుకెళ్ళి, శుభ్రమయ్యాక తిరిగి ఒంట్లోకి చేర్చే గొట్టాలు. వెళ్ళే దారికి ఎర్ర క్లిప్పు, వచ్చే దారికి నీలం క్లిప్పు. నా పని నీలం క్లిప్పు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా గొట్టం నా ముందుకి వస్తుంది. క్లిప్పు ఎక్కించి, టిక్కుమని మూసి, మళ్ళీ తెరిచి, పక్కమ్మాయికి అందిస్తాను. దీనికోసమా డిగ్రీలో కెమిస్ట్రీ చదివింది అని నాకెప్పుడూ బాధ కలగలేదు, ఎందుకంటే ఆ చదివిన కెమిస్ట్రీ అప్పటికే గుర్తులేదు. ఇక మా వైపు కిడ్నీల సంగతి కొత్తగా చెప్పేదేముంది. ఏ ఊళ్ళో ఏ వీధికి వెళ్ళినా ఒంట్లో నీరు పట్టి మొహం ఉబ్బిన మనిషి ఒకరు అరుగు మీద కనిపిస్తారు. ఎందుకొస్తోందో తేలుస్తామని పెద్దపెద్దవాళ్ళు వచ్చి మా నీళ్ళు పట్టుకెళ్ళారు, మా మట్టి పట్టుకెళ్ళారు, మా రక్తం కూడా పట్టుకెళ్ళారు. జవాబు మాత్రం ఇంకా ఎవరూ పట్టుకురాలేదు.

ఉద్యోగం నాకు నచ్చింది. బస్సు ఇంటి దగ్గరికే వస్తుంది. మెడలో ఫొటో ఉన్న కార్డు వేలాడుతుంటే, ఊళ్ళో నన్ను 'పిక్కలమ్మ కూతురు' అనేవాళ్ళు 'కంపెనీ గుంట' అనడం మొదలెట్టారు. (మా వైపు గుంట అంటే ఆడపిల్ల.) బయట రోళ్ళు పగిలే ఎండ కాస్తుంటే లోపల మేం వణుకుతూ కూర్చునేవాళ్ళం. నచ్చనివీ ఉన్నాయి. లోపల దుమ్ము రేణువు కూడా పడకూడదు గనక నెత్తి నుంచి కాలి దాకా తెల్ల సూటు, హుడ్డు, మూతికి మాస్కు, చేతికి తొడుగులు. పౌడరు లేదు, బొట్టు లేదు, పువ్వు లేదు, గాజు లేదు. (మా నాయనమ్మ ఆ అవతారాన్ని ఫోన్లో చూసి, "పెళ్ళి కాకముందే ఇలగేటే" అని ముక్కు చీదింది.) ముక్కు దురద పెడితే గోక్కోవడానికి లేదు. లోపలికి వెళ్ళగానే ముక్కు దురద పెట్టడమన్నది ప్రకృతి ధర్మమని నేను కనిపెట్టాను. బాత్రూముకి వెళ్ళాలంటే అంతా విప్పి, వచ్చాక అంతా మళ్ళీ తొడగాలి గనక, పొద్దున్నుంచి నీళ్ళు తాగకుండా ఉండటం అందరం నేర్చుకున్నాం. కిడ్నీలకి నీళ్ళు చాలా ముఖ్యమని మా క్యాంటీను గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండేది. మేం దాని కింద కూర్చునే ఉప్మా పొడిపొడిగా తినేసి లేచేవాళ్ళం.

ఇప్పుడు మా చిన్నమావ గురించి చెప్పాలి. అమ్మకి తమ్ముడు. ఊళ్ళో కొబ్బరి దింపు తీయడంలో ఆయన తర్వాతే ఎవరైనా అనేవారు. ఒకసారి చెట్టు మీంచి పడ్డాడు. అప్పట్నుంచి నడుం వంకర. దాన్ని కూడా గొప్పగానే చెప్పుకునేవాడు, "సెట్టు నన్ను పడీనేదు, నానే దిగీనాను, కాసింత తొందరగా" అని. నలభై దాటకముందే కిడ్నీలు రెండూ పోయాయి. అప్పటికి ఆయనకి సొంత తోట ఉంది. అందులో కొబ్బరి, జీడి, పనస. మూడూ తినకూడదన్నారు డాక్టర్లు. కొబ్బరినీళ్ళయితే అసలు చుక్క ముట్టకూడదు. మంచినీళ్ళు కూడా రోజంతటికీ ఇంతే అని ఒక చిన్న సీసాలో పోసి అత్త ఆయన పక్కన పెట్టేది. వాన పడితే చాలు, చిన్నమావ అరుగు చివర మొహం పైకెత్తి నోరు తెరుచుకుని కూర్చునేవాడు. అత్త చూసి కేకలేస్తే, "నాను తాగనేదే, అదే పడ్డాది" అనేవాడు. మేమంతా నవ్వేవాళ్ళం. అత్త కూడా నవ్వి, తర్వాత పెరట్లోకి వెళ్ళి చాలాసేపు రాకుండా ఉండేది.

వారానికి రెండుసార్లు పలాసలో డయాలసిస్ సెంటరుకి ఆయన్ని తీసుకెళ్ళాలి. నాకు సెలవు పడిన రోజు నేనే తీసుకెళ్ళేదాన్ని. నేను కంపెనీలో చేరాక మొదటిసారి వెళ్ళినప్పుడు నర్సు ట్యూబు ప్యాకెట్ చింపుతుంటే, చిన్నమావ తల ఎత్తి చూసి, "ఆగమ్మా. ఇది మా గుంట సేసిందేనా, కాదా" అని అడిగాడు. ఆ అమ్మాయి కవరు తిప్పి చూసి, అవును అంకుల్, టెక్కలి కంపెనీదే అంది. అంతే, ఆ క్షణం నుంచి వార్డులో నాకు మనశ్శాంతి లేకుండా పోయింది. "అదిగో, ఆ నీలంది సూడండి. అది మా మేనకోడలే ఎట్టినాది. ఎర్రది ఎవులు ఎట్టినారో మనకి తెల్దు, దానికి నాది బాజ్జత కాదు" అని పక్క మంచాలన్నిటికీ చాటింపు వేశాడు. (ఎర్ర క్లిప్పు పెట్టేది మా పక్కూరి అమ్మాయే. వాళ్ళ పెదనాన్న అదే వార్డులో నాలుగు మంచాల అవతల ఉన్నాడు. ఆయనకీ చిన్నమావకీ ఆ రోజు నుంచి మాటల్లేవు.) నర్సులు ఆయనకి 'క్లిప్పు మావ' అని పేరు పెట్టారు.

గర్వం ఒక నెల నడిచింది. తర్వాత ఫిర్యాదులు మొదలయ్యాయి. ఆయన బాధంతా ఒకటే, ట్యూబు పొట్టిగా ఉందని. నడుం వంకర మనిషి, నాలుగు గంటలు వెల్లకిలా పడుకోవాలంటే ప్రాణం పోయేది. లేచి కూర్చుందామంటే గొట్టం గుంజుకుని, యంత్రం కుయ్యోమని అరుస్తుంది. నర్సు పరుగున వచ్చి మళ్ళీ పడుకోబెడుతుంది. "ఇంత పొడుగు గోడలు కట్టినారు, ఏసీలెట్టినారు, జానెడు గొట్టం ఎక్కువెయ్యడానికి మీ కంపినీకి సేతులు రానేదేటే" అని నన్ను పట్టుకుని అడిగేవాడు, నేనే ఆ గొట్టాన్ని కోసి పొట్టి చేసినట్టు. మా సార్లకి చెప్తాలే మావా అని నేను తప్పించుకునేదాన్ని. మొదట నవ్వులాటగానే ఉంది. తర్వాత ఒక రోజు ఆటో గుమ్మంలో ఆగి ఉంటే ఆయన మంచం దిగలేదు. "ఈయేల రాను. నడుం తెగిపోతంది" అన్నాడు. ఆ వారం ఒక ట్రిప్పు పోయింది. రెండోవారం కూడా ఒకటి పోయింది. కాళ్ళు రోకళ్ళలా ఉబ్బాయి. పడుకుంటే ఊపిరాడక గోడకి ఆనుకుని కూర్చునేవాడు. అత్త బతిమాలింది, అమ్మ తిట్టింది. ఆయన గోడవైపు చూస్తూ, "ఒగ్గీండి నన్ను" అన్నాడు. ఆ మాటలో ఎక్కడా వేళాకోళం లేదు. చిన్నమావ నోటి వెంట వేళాకోళం లేని మాట నేను వినడం అదే మొదటిసారి.

సరిగ్గా ఆ రోజుల్లోనే హైదరాబాదు ఆఫీసు నుంచి ఒక మేడమ్ వస్తోందని, ఉద్యోగుల మనసులో ఏముందో తెలుసుకుంటుందని కబురు వచ్చింది. మా ప్రొడక్షన్ మేనేజరుకి మేం పెట్టిన పేరు జీరో సారు. నోరు తెరిస్తే "జీరో డిఫెక్ట్, జీరో లీక్, జీరో లేట్" అనేవాడు. కృష్ణా జిల్లా మనిషి, మంచివాడే గాని భయస్తుడు. ముందురోజు మమ్మల్నందర్నీ నిలబెట్టి పాఠం చెప్పాడు. "చూడండమ్మా, నచ్చేవి ఏంటని అడిగితే క్వాలిటీ అని చెప్పండి, టీమ్‌వర్క్ అని చెప్పండి. నచ్చనివి అడిగితే ఏమీ లేవని చెప్పండి. ఏదో ఒకటి చెప్పి తీరాలని పట్టుబడితే, సాంబారు అని చెప్పండి." సాంబారు ఎందుకు సార్ అని ఎవరో అడిగారు. "అది క్యాంటీను కాంట్రాక్టరుది. మన డిపార్ట్‌మెంటు కాదు" అన్నాడు.

మర్నాడు క్యాంటీనులో బల్లలు జరిపి మమ్మల్ని కూర్చోబెట్టారు. మేడమ్ చిన్న వయసు మనిషి, నవ్వు మొహం. తెల్లబోర్డు మధ్యలో గీత గీసి, ఒక పక్క నచ్చేవి, ఇంకో పక్క నచ్చనివి అని రాసింది. "ఫ్రీగా మాట్లాడండి. ఇక్కడ ఎవరూ ఏమీ అనుకోరు" అంది. జీరో సారు ఆవిడ వెనక నిలబడి, ఎవరూ ఏమీ అనుకోరన్నట్టే నవ్వుతూ మా వంక చూస్తున్నాడు. ఒకమ్మాయి లేచి క్వాలిటీ అంది. ఇంకొకమ్మాయి టీమ్‌వర్క్ అంది. నచ్చనిది అంటే సాంబారు అంది. తర్వాతి కుర్రాడు సాంబారు అన్నాడు. ఆ తర్వాతి అమ్మాయి కూడా సాంబారే అంది. వంటగది కిటికీలోంచి వంటాయన తల బయటికి పెట్టి ఒక్కొక్కరి మొహం గుర్తు పెట్టుకుంటున్నాడు. నా వంతు వచ్చింది. నాకూ సాంబారే అందామని నోరు తెరిచాను. ఆ ముందురోజు సాయంత్రం చూసిన చిన్నమావ కాళ్ళు కళ్ళ ముందు ఉన్నాయి గాబోలు, "ట్యూబు పొట్టిగా ఉంది మేడమ్" అని వచ్చేసింది.

మేడమ్‌కి అర్థం కాలేదు. ఏ ట్యూబు అని అడిగింది. "మనం చేసేదే మేడమ్. మా మావ దానిమీదే ఉన్నారు. లేచి కూర్చోలేకపోతున్నారు. అందుకని సెంటరుకి రానంటున్నారు" అన్నాను. జీరో సారు మొహంలో రక్తం చుక్క లేదు. వెనక నుంచి మా క్వాలిటీ అక్క లేచింది. లోపల దీపం వెలుగులో గొట్టాలు చూసి మా తప్పులు పట్టేది ఆవిడే. మేమంతా హడలిపోయే మనిషి. "మా నాన్న కూడా మన ట్యూబే, మేడమ్. క్లిప్పు అంచు సెయ్యికి ఒరుసుకుని పుండడిపోతంది" అంది. ఆవిడ ఇంట్లో అలాంటి మనిషి ఉన్నట్టు అప్పటిదాకా మాలో ఎవరికీ తెలీదు. ఆ తర్వాత ఎర్ర క్లిప్పు అమ్మాయి లేచి వాళ్ళ పెదనాన్న సంగతి చెప్పింది. ప్యాకింగు కుర్రాడు, "మా అమ్మది మేడమ్. అమ్మ పోయిందనుకోండి. అప్పుడు సెప్పడానికి నాకు కుదర్నేదు" అన్నాడు. ఒకరి తర్వాత ఒకరు లేస్తూనే ఉన్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. మేడమ్ పెన్ను ఎత్తి బోర్డు దగ్గర నిలబడింది. ఎటుపక్క రాయాలో తెలియక కాసేపు చూసి, పెన్నుకి మూత పెట్టేసి, వచ్చి మా బెంచీ చివర కూర్చుంది. వంటాయన కూడా కిటికీ దగ్గర నుంచి కదలకుండా, "మా బావ" అన్నాడు. ఆయన్ని ఎవరూ అడగలేదు.

మర్నాడు జీరో సారు నన్ను తన గదికి పిలిచాడు. ఉద్యోగం పోయిందని తేల్చుకుని, మెడలో కార్డు ముందే తీసి చేత్తో పట్టుకుని వెళ్ళాను. (తీసుకోడానికి ఆయనకి సులువుగా ఉంటుందని.) సారు ఆ కార్డు చూసి, "అదెందుకమ్మా చేత్తో పట్టుకున్నావ్? వేసుకో. మీ మావగారిని ఒకసారి తీసుకురా. ట్యూబు సంగతి నేనే చెప్తా" అన్నాడు. ఈ మాట చెప్తే చిన్నమావ రానంటాడనుకున్నాను. ఆయన గోడ నుంచి వీపు తీసి, "కంపినీకా? నన్నా?" అన్నాడు. అప్పుడు నేనొక షరతు పెట్టాను. వారం వారం ట్రిప్పు ఎగ్గొడుతున్న మనిషిని ఈ కాళ్ళతో తీసుకెళ్ళను, ముందు సెంటరుకి వెళ్ళి రావాలన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు మీ అమ్మకంటే గట్టిదానివే" అని, వెళ్ళి పడుకుని, నాలుగు గంటలూ పళ్ళ బిగువున భరించి వచ్చాడు.

కంపెనీకి వచ్చిన రోజు ఆయన వేషం నేను మర్చిపోలేను. పెళ్ళినాటి ప్యాంటు వేసుకున్నాడు. మనిషి సగమైపోయాడు గనక అది నిలవక, చొక్కా కింద కొబ్బరితాడుతో బిగించి కట్టాడు. జేబులో దువ్వెన. నేను డ్యూటీలో, లోపల ఉన్నాను. సందర్శకులు నడవాలోంచి అద్దం గుండా చూడొచ్చు. జీరో సారు ఆయన్ని అద్దం దగ్గరికి తీసుకొచ్చాడు. లోపల మేమందరం ఒకేలాగ, నెత్తి నుంచి కాలి దాకా తెల్లగా, కళ్ళు మాత్రం కనిపిస్తూ కూర్చుని ఉన్నాం. ఆయన కళ్ళు చికిలించి వెతికి, చివరికి అద్దం పక్కన కూర్చున్న అమ్మాయిని నేననుకుని, చెయ్యి ఊపడం మొదలెట్టాడు. నేను మూడు కుర్చీల అవతల ఉన్నాను. ఆ అమ్మాయి నా వంక చూసింది. నేను ఊపమని తలాడించాను. ఆమె ఊపింది. ఆయన మొహం వెలిగిపోయింది. రెండు చేతులూ ఎత్తి ఆశీర్వదించాడు. దాంతో పక్కనున్న అమ్మాయి కూడా ఊపింది, ఆ పక్కామె కూడా ఊపింది. తప్పుల దీపం ముందు కూర్చున్న క్వాలిటీ అక్క లైను ఆగిందని ఒక్క మాట అనకుండా, తనూ చెయ్యెత్తి ఊపింది. గది మొత్తం చేతులు ఊపుతోంది, అద్దం అవతల చిన్నమావ ఒక చేత్తో మా అందరికీ ఊపుతూ, రెండో చేత్తో ప్యాంటు పట్టుకుని నిలబడ్డాడు.

తర్వాత క్యాంటీనులో జీరో సారు రెండు గొట్టాలు తెచ్చాడు. ఒకటి మాదే, ఒకటి బాగా పొడుగ్గా ఉంది. రెండింటినీ ఎర్ర రంగు నీళ్ళతో నింపి, రెండు గ్లాసుల్లోకి వంచాడు. పొడుగుదాని గ్లాసులో నీళ్ళు బాగా ఎక్కువ ఉన్నాయి. "చూశారా బాబాయి, ఈ గ్లాసులో ఉన్నదంతా మీ రక్తమే అనుకోండి. గొట్టం పొడుగైన కొద్దీ ఇంత రక్తం మీ ఒంట్లో కాకుండా బయట తిరుగుతుంది. కళ్ళు తిరుగుతాయి, బీపీ పడిపోతుంది. అందుకని పొట్టిగా పెట్టాం" అన్నాడు. చిన్నమావ రెండు గ్లాసులూ చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. "ఉన్నదే తక్కువ. అది కూడా బయటెట్టుకు తిరగడమెందుకు. పొట్టిదే ఉండనీండి" అన్నాడు. మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. సారు సంతోషించి, మా ప్రొడక్టులో మీకు నచ్చిందేమిటో పిల్లలకి రెండు ముక్కలు చెప్పండి బాబాయి అని అడిగాడు. అడగకుండా ఉండాల్సింది. చిన్నమావ లేచి, తాడు సర్దుకుని మా అందర్నీ చూశాడు. "నచ్చడానికి ఏటుంటాదమ్మా దాన్లో. సూత్తేనే కడుపులో దేవుతాది. మీ కంపినీ మూతడిపోవాలనీ, మీ గొట్టం కొనీవోడు ఒక్కడు కూడా ఉండకూడదనీ నానైతే రోజూ దండం ఎడతాను. అలాగని రేపే మూసీకండి. రేపు నాకు డయాలసీసు ఉన్నాది" అన్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టాలో వద్దో తెలియలేదు. సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

మర్నాడు జీరో సారు చెప్పాపెట్టకుండా పలాస సెంటరుకి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. చిన్నమావ మంచం చుట్టూ ఒకసారి తిరిగి, గొట్టాన్ని కాదు, గదిని చూశాడు. మంచం మూలకి ఆనుకుని ఉంది. సూదులు పెట్టేది ఎడమ చేతికి. గోడ ఎడమవైపు ఉండటంతో యంత్రం కుడివైపు పెట్టారు. గొట్టం ఆయన ఒళ్ళంతా దాటుకుని అటు రావాలి. అందుకే బిగుసుకుపోతోంది. "ఆ యంత్రం ఎడంపక్కకి రావాలి. గోడ ఎలాగూ కదలదు కాబట్టి, మీరు అటు తల ఇటు పెట్టి పడుకుంటే సరి, ఎడం చెయ్యి యంత్రం వైపే ఉంటుంది" అన్నాడు సారు. నర్సు తలగడ తీసి మంచం అవతలి కొసకి వేసింది. చిన్నమావ మాత్రం కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. "బాబూ, అది ఉత్తరం" అన్నాడు. సారుకి అర్థం కాలేదు. "ఉత్తరానికి తలెట్టినోడు మరి లెగడంటారు. నానేమో ఇప్పుడే సావుకి దగ్గర్లో ఉన్నాను. అడ్రసు సూపించినట్టు పడుకోమంటావా" అన్నాడు. పక్క మంచాలవాళ్ళు కూడా, నిజమే నిజమే, ఉత్తరం తల ఎలా పెడతాడు అన్నారు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మాటలు మానేసిన ఆ ఎర్ర క్లిప్పు అమ్మాయి పెదనాన్న, నాలుగు మంచాల అవతల నుంచి, "అలగే పడుకో బావా. యముడొచ్చి సూసి, ఈడి పని ఎవులో ముందే కానిచ్చీసినారు అనుకుని ఎల్లిపోతాడు" అన్నాడు. చిన్నమావ ఆలోచించాడు. "అదీ నిజమే" అని, కాళ్ళు ఎత్తి, ఉత్తరానికి తల పెట్టి పడుకున్నాడు.

సూదులు పెట్టాక, నెమ్మదిగా వెనక దిండ్లు ఎత్తించుకుని లేచి కూర్చున్నాడు. గొట్టం గుంజలేదు. యంత్రం అరవలేదు. టీకొట్టు బల్ల మీద కూర్చున్నట్టు ఒక కాలు మడుచుకుని, "ఆఁ, ఇప్పుడు సెప్పండి, ఏటి సంగతులు" అన్నాడు వార్డు మొత్తానికి. ఆ రోజు నుంచి ఒక్క ట్రిప్పు మానలేదు. నాలుగు గంటలూ ఆపకుండా మాట్లాడేవాడు. పడుకోబెట్టినప్పుడే బాగుండేదని నర్సులు నాతో చెప్పుకున్నారు. మా కంపెనీలో క్లిప్పు అంచుని నున్నగా చేయించారు. గొట్టం మాత్రం అంతే ఉంది. ఆ తర్వాతి మీటింగులో నచ్చనివి అడిగినప్పుడు మళ్ళీ అందరూ సాంబారే అన్నారు. ఈసారి అది నిజంగానే బాగాలేదు. వంటాయన బావ ఆ నెలలోనే పోయాడు.

చిన్నమావ ఆ పైన రెండు వానాకాలాలు చూశాడు. రెండోది ముగిసే రోజుల్లో, ఒక ఉదయం, అత్త పక్క దగ్గరికి వెళ్ళేసరికే అయిపోయింది. మూడోనాడు నేను డ్యూటీకి వెళ్ళాను. ఇంట్లో ఉంటే అందరూ ఏడుస్తున్నారు, అక్కడైతే పని ఉంటుందనుకున్నాను. సూటు తొడుక్కుని నా కుర్చీలో కూర్చున్నాను. గొట్టం వచ్చింది, క్లిప్పు పెట్టాను, మూశాను, తెరిచాను, ఇచ్చాను. ఇంకోటి వచ్చింది. ఇది ఎవరి చేతికి వెళ్తుందో అనుకున్నాను, అంతే. మాస్కు లోపల తడి చేరింది. కన్నీరు ట్రేలో పడితే ట్రే మొత్తం పారెయ్యాలని రూలు. తల వెనక్కి వంచి పైకప్పు చూస్తూ కూర్చున్నాను. క్వాలిటీ అక్క దీపం దగ్గర నుంచి చూసింది. వచ్చి నా బల్ల మీద వేలితో చిన్నగా తట్టి, తలుపు వైపు చూపించింది. నా కుర్చీలో తనే కూర్చుంది.

ఇప్పుడు నేనూ కళ్ళజోడు పెట్టుకుని, ఆ దీపం ముందే కూర్చుని పిల్లల తప్పులు పడుతున్నాను. ఉద్యోగం నచ్చుతోందా అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ నాకు సూటిగా చెప్పడం రాదు. కాని ఆ రోజు బయటికి వచ్చిన ఆ నీలం క్లిప్పు పిల్లని తలుచుకుంటే మాత్రం జాలితో పాటు నవ్వొస్తుంది. ముందు చేతి తొడుగులు విప్పి బుట్టలో వేసింది. తర్వాత హుడ్డు, తర్వాత మాస్కు, తర్వాత సూటు, నేలకి తగలకుండా మడత పెట్టింది. చేతులు కడుక్కుని, తుడుచుకుని, బట్టల గదిలో బెంచీ మీద బుద్ధిగా కూర్చుని, అప్పుడు మొదలుపెట్టింది ఏడవడం.